మా మేస్త్రి చేసిన తాబేలు దర్వాజ

రెండు వారాల కింద మంగళవారం పొద్దుగాల మా మేస్త్రి పోయిండు. గప్పుడు నేను పటాన్‌చెరు మార్కెట్ల బెండకాయలు ఏరుతున్న. సెల్లు మోగింది, సూస్తే ఆయన కోడలు. "అక్కా, మామ చాయ్ తాగిండు. నీళ్ళెక్కువ పోసినవని నన్ను రెండు మాటలన్నడు. గంతే, కుర్సీల ఒరిగిండు. ఇగ లేవలే" అన్నది. నేను చేతుల బెండకాయ పట్టుకొని అట్లనే నిలబడ్డ. కూరగాయలామె "కొంటవా అమ్మా, కొసలన్నీ ఇరిసి పోతవా?" అని కసిరింది. కిలో తూకమేయించుకొని, ఎందుకు కొన్ననో తెల్వక, ఆ సంచి పట్టుకొనే సావింటికి పోయిన.

మనిషి ఆఖరి మాట చాయ్‌ల నీళ్ళ గురించి అని యాది చేసుకుంటే ఏడుపు నడుమ నాకు నవ్వొచ్చింది. నేనెరిగినకాడికెల్లి ఆయన ఎవరు చాయ్ ఇచ్చినా గదే మాటన్నడు. సాసర్ల పోసుకొని, ఒక్క గుక్క తాగి, "గీ చెరువుల చాయ్‌పత్తి ఎవరు పారేసిండ్రు?" అనేటోడు. డెబ్బై అయిదు దాటినయి. దవాఖాన ముఖం సూడలే, ఒకరి చేత నీళ్ళు తాగించుకోలే. గట్ల పోవుడు అందరికి దొరకదు. మా దిక్కు పెద్దోళ్ళను గూడ "అన్నడు, వచ్చిండు" అనే అంటం, సదివేటోళ్ళు తప్పు వట్టకుండ్రి. మా మర్యాద గొంతుల ఉంటది.

ఆ దినం వాకిట్ల, ఆయన వెల్డింగు షెడ్డుల పనిచేసిన పాతోళ్ళందరం కూడినం. ఏడ్వనీకె పోయినోళ్ళం, గంట గడిచినంక ఒకరి మాట ఒకరం అందుకొని నవ్వుకుంట కూసున్నం. లోపలికెల్లి మేస్త్రమ్మ, అంటే ఆయన ఇల్లాలు, కొంగుతోని కండ్లు తుడుసుకుంటనే, "తాబేలు ముచ్చట చెప్పుండ్రే, నా మనవలకు తెల్వదు" అన్నది. చెప్పినం. పోరగాండ్లు నమ్మలే. పటాన్‌చెరుల సముద్రానికి దర్వాజ చేసుడేంది, మీరు కోతలు కోస్తున్నరు అన్నరు. గందుకే గిది రాస్తున్న. నేను రాయకపోతే ఇంకో పదేండ్లకు నేను గూడ నమ్మనేమో.

ముత్తంగి దాటినంక హైవే పక్కన రేకుల షెడ్డు మాది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, నీళ్ళ ట్యాంకుల స్టాండ్లు చేస్తుంటిమి. చుట్టుముట్టు కంపెనీలోళ్ళు ఇచ్చే పైపు పనులు గూడ వస్తుండె. మేస్త్రి పుట్టుకతోని రైతు. భూమి సగం కంపెనీలకు పోయింది. పోయిన భూమిల కట్టిన కంపెనీలనే కూలికి చేరి వెల్డింగు నేర్సుకున్నడు. నాగలి కర్రు సాగగొట్టిన చెయ్యి, ఇనుము మాట ఇంటదని ఆయన ధీమా. కొన్నేండ్లకు సొంతంగ షెడ్డు పెట్టిండు. మేమందరం కలిపి పదకొండు మందిమి.

నేను సంగారెడ్డిల డ్రాయింగు కోర్సు సదివి, సర్టిఫికెట్ పట్టుకొని ఏ కంపెనీ గేటు కాడికి పోయినా, "ఆడపిల్లకు వర్క్‌షాపుల పనేంది, ఆఫీసుల టైపింగు ఉంటే చెప్తం" అనేటోళ్ళు. కోపమొచ్చి ఒక దినం సర్టిఫికెట్ చింపుదామనుకున్న. బస్సు దిగి నడుసుకుంట పోతుంటే గీ షెడ్డు కనవడ్డది. లోపలికి పోయి, "పనున్నదా?" అని అడిగిన. నా మొకం మీది కోపం సూసినట్టున్నడు, "కొట్టనీకె వచ్చినవా, పని అడగనీకె వచ్చినవా బిడ్డా?" అన్నడు. ఒక పాత కుర్సీ చూపిచ్చి, దీన్ని కాయితం మీద గీయి అన్నడు. గీసిన. కాయితం తిప్పి తిప్పి సూసి, "ఒక కాలు పొట్టిగున్నది" అన్నడు. "కుర్సీ కాలే పొట్టిగున్నది, నా గీతల తప్పేం లేదు" అన్న. లేసి కొలిసిండు. నిజంగనే అర అంగుళం పొట్టి. గా దినంకెల్లి నేను "డ్రాయింగు బిడ్డ"నైన. నాకు పెండ్లయి, ఇద్దరు పిల్లలైనా గదే పిలుపు.

ఆయన టేపు పట్టకపోయేది. "గది రబ్బరు లెక్క, ఎటు గుంజితే అటొస్తది" అని దాని మీద మస్తు నారాజ్. నిలువెత్తు టేకు బద్ద ఒకటుండె. ఏ పనికి ఏ కొలతో, బద్ద మీద రంపపు బ్లేడుతోని గాటు పెట్టేది. "కొలత నోట్ల పెట్టుకోవద్దు, బద్ద మీద పెట్టు" అని రోజుకొకసారన్న అంటడు. అతుకు మంచిగ పడ్డదా లేదా కండ్లతోని సూడకపోయేది, చెవితోని ఇంటుండె. వెల్డింగు రాడు మంచిగ కాలుతుంటే కడాయిల మిర్చి బజ్జీ ఏగిన సప్పుడు రావాలె. పటపట పేలిందనుకో, ఎన్కకెల్లి వచ్చి మెడ మీద ఒక్కటి ఏసేటోడు. నాకొక్కదానికే మినహాయింపు. నాకు మాటలతోనే పడేటియి.

ఇగ తాబేలు సంగతికొస్తున్న. తొంభైలు అయిపోవస్తున్న రోజులు. కంపెనీలు ఒక్కొక్కటి మాకిచ్చే పని ఆపినయి. కొన్ని మూతబడ్డయి, కొన్ని సొంత మనుషులను పెట్టుకున్నయి. షెడ్డుల వారానికి రెండు కిటికీలు, ఒక గేటు. పొద్దంత బజ్జీ సప్పుడు ఇనరాక ఆయన చెవులు పోయినట్టు తిరుగుతుండె. "ఈ పండుగ దాంక సూస్తం, లేకుంటే తాళం ఏస్తం" అని ఒక మధ్యాన్నం అందరి ముంగట అన్నడు. అన్నంక సద్ది గిన్నె మూత ఎవ్వరం తియ్యలే. ఇంకో షెడ్డుల నన్నెవరు నిలవెట్టుకుంటరు? నాకు గదే ఫికర్.

గప్పుడొచ్చిండు గోదావరి సార్. కాకినాడ దిక్కు మనిషి. సర్కారు పెద్ద ఫ్యాక్టరీల నౌకరీ, మేస్త్రికి పక్కిల్లు. బావమరిదికి కాకినాడల రొయ్యల బోట్లున్నయి. సార్ చేతుల ఒక డ్రాయింగు.

"మేస్త్రి గారూ, మీతో ఒక చిత్రమైన పని పడిందండి" అన్నడు. "అమెరికావాళ్ళు కొత్త రూలు పెట్టారండి. వలలో తాబేలు బయటపడే తలుపు ఉండాలంట. ఆ తలుపు లేకుండా పట్టిన రొయ్య మా దేశంలోకి రానివ్వం అంటున్నారు. మావాళ్ళ రొయ్యంతా అటే పోతుందండి. వాళ్ళ మనుషులే హార్బరుకొచ్చి చూస్తారంట."

మేస్త్రి సాసర్ కింద పెట్టిండు. "తాబేలుకు దర్వాజనా?"

"అవునండి."

"తలుపు తట్టి పోతదా?"

మేమందరం పగలబడి నవ్వినం. గోదావరి సార్ గూడ నవ్విండు గాని, ఓపికగ చెప్పిండు. రొయ్యల వల పెద్ద సంచి లెక్క ఉంటది, బోటు గంటల తరబడి సముద్రం అడుగున దాన్ని గుంజుకుంట పోతది. తాబేలు అందుల పడితే పైకొచ్చి గాలి పీల్చనీకె రాదు, ఉక్కిరిబిక్కిరై సస్తది. అందుకని సంచి మెడ కాడ ఒక కడ్డీల చట్రం ఏటవాలుగ పెడతరు. రొయ్యలు కడ్డీల సందుల కెల్లి సంచిల పడతయి. తాబేలు కడ్డీలకు తాకి, జారుకుంట పైకి పోయి, అక్కడున్న తెరువుల కెల్లి బయటపడతది. ముందుగాల ఆరు చట్రాలు చేసియ్యాలె. మంచిగుంటే ఆ రేవు బోట్లన్నిటికి మేమే చెయ్యొచ్చు.

మేస్త్రి ఇంకేం నవ్వలే. "నీళ్ళల ఉండేది నీళ్ళల మునిగి సస్తదా?" అని ఊకె ఒక్కతీరు అడిగిండు. నాకప్పుడు సమజ్ కాలే గాని, ఆయన అడిగింది సముద్రం గురించి కాదు.

డ్రాయింగు నేనే సదివి చెప్పిన. కోడిగుడ్డు ఆకారంల పైపు రింగు, ఛాతి ఎత్తు. లోపల నిలువు కడ్డీలు. సందుకు సందుకు నాలుగంగుళాలు, అంతకు మించొద్దు. మేస్త్రి నాలుగు వేళ్ళు పక్క పక్కన పెట్టి, రెండు చేతులు దూరం జరిపి సూసిండు.

"గిది తప్పు బిడ్డా. నాలుగంటే నా చెయ్యి దూరుతది. తాబేలు అడ్డం తిరిగితే నిమ్మలంగ దూరి సంచిల పడతది. రెండు పెడదం."

"మేస్త్రీ, మించొద్దని రాసిండ్రు. తక్కువ పెట్టుమని గూడ రాయలేదు కద. సదువుకున్నోళ్ళు ఏదో లెక్క జూసే నాలుగన్నరు."

"వాళ్ళు తాబేలును సూసిండ్రా? నేను సూసిన. చిన్నప్పుడు మా చెరువుల పట్టి వదిలేటోన్ని. పళ్ళెమంత ఉంటది, మూడు వేళ్ళ మందం. రెండు పెట్టు."

పెట్టిన. నా చేతితోనే డ్రాయింగు మార్చి గీసిన. ఎందుకు ఒప్పుకున్ననంటే, గా దినం ఆయన ఇంకో మాట గూడ అన్నడు. కంపెనీల నీళ్ళు ఆయన ఊరి చెరువుల కలిసిన ఏడు, చెరువు పసుపు రంగు తిరిగింది. చేపలు తేలినయి. తాబేళ్ళు గట్టెక్కి, రోడ్డు దాంక పాకి, అక్కడక్కడ బోర్ల పడి సచ్చినయి. "నేను గా కంపెనీలనే పని చేస్తుంటి బిడ్డా. డ్యూటీకి పోతుంటే చెప్పులకు తాకినయి. ఒక్కటి గూడ బతకలే. సముద్రంల ఉన్నయన్న ఉండనీ. మన దర్వాజల కెల్లి ఒక్క పిల్ల గూడ సంచిల పడొద్దు." గిట్ల అన్న మనిషితోని నాలుగు, రెండు అని ఏం కొట్లాడుత?

ఆరు చట్రాలు తయారైనయి. గంత ముద్దుగ మా షెడ్డుల ఏదీ కాలే. స్టెయిన్‌లెస్ స్టీలు, అద్దం లెక్క. స్పానరుతోని ఒక్కొక్క కడ్డీని కొట్టి చెవి పెట్టి ఇన్నడు. ముత్తంగిల లారీకెక్కించేటప్పుడు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టిండు. ఇంటోళ్ళు బిడ్డను అత్తగారింటికి తోలినట్టు, "పైలం" అని లారీ డ్రైవరుకు పదిసార్లు చెప్పిండు. మేం పదకొండు మందిల సముద్రం సూసినోళ్ళు ఒక్కరు లేకుంటిమి.

పక్షం తిరగకముందే గోదావరి సార్ పరేషాన్‌గ వచ్చిండు. బావమరిది ఎస్‌టీడీ బూతు నుంచి ఫోన్ చేసిండట. చట్రం పెట్టి వల ఏస్తే, చెత్త, కట్టెపుల్లలు, జిగట జెల్లీ చేపలు కడ్డీలకు అంటుకొని సందులన్నీ మూసుకుంటున్నయి. ఇగ రొయ్యలు లోపలికి పోయే దారి లేక తాబేలు కోసం పెట్టిన తెరువుల కెల్లే బయటికి పోతున్నయి. "మీ హైదరాబాదు గ్రిల్లు మా ఇంటి కిటికీకి పెట్టుకుంటామని చెప్పు" అన్నరట బోటోళ్ళు. పద్నాలుగు దినాలల్ల ఆ దేశపోళ్ళు హార్బరుకొస్తున్నరు. ఇగ వేరే ఊరోళ్ళకు పని ఇస్తమని బోటోళ్ళు అంటున్నరు.

షెడ్డుల అందరం డ్రాయింగు సుట్టు మూగినం. ఒకడు, "నడుమ ఒక్క కడ్డీ ఇడిసి ఒక్కటి కోసేస్తే అయిపాయె కద మేస్త్రీ" అన్నడు. మేస్త్రి బద్ద మీది గాట్లతోని లెక్క కట్టిండు. రెండు, రెండు, నడుమ పోయే కడ్డీ మందం అర అంగుళం. "నాలుగున్నరైతది. నాలుగు మించొద్దన్నరు. ఎవరికి తెలుస్తదనకు, నాకు తెలుస్తది" అన్నడు. ఇగ నా దిక్కు తిరిగిండు.  మార్చిన డ్రాయింగు మీద ఉన్నది నా చేతిరాతే. "నడువు బిడ్డా, పోదాం" అన్నడు. "యాడికి?" అన్న. "సముద్రం కాడికి. ఇంతవరకు దాని మొకం సూడకుండ దానికి దర్వాజ చేసినం."

ఇంట్ల మా ఆయనతోని చెప్తే, "పో, నా తరఫున గూడ సూసిరా" అన్నడు. మేస్త్రి, మేస్త్రమ్మ, గోదావరి సార్, నేను. రైలెక్కి తెల్లారంగ దిగినం. మేస్త్రి బద్దను తెల్ల పంచెల చుట్టి తెచ్చిండు. రైల్ల అందరు అది ఏందో దేవుని కర్ర అనుకొని జరిగి కూసున్నరు.

రేవుల చేపల వాసనకు ఆయన తువ్వాల ముక్కుకు కట్టుకున్నడు. రొయ్యను పురుగంటడు ఆయన, జన్మల ముట్టలే. బోట్లాయన, గదే సార్ బావమరిది, నల్లగ, బొద్దుగ, మాటకు ముందు "ఏవండీ" అనే మనిషి. ఆడోళ్ళను బోటెక్కనియ్యరట. నేను, మేస్త్రమ్మ గట్టు మీదనే నిలబడ్డం. మేస్త్రి బద్ద పట్టుకొని ఎక్కిండు. బోటు కదిలినప్పుడు సూడాలె ఆయన మొకం, లారీ రివర్సుల పోతుంటే దాని మీద నిలబడ్డట్టు. మేస్త్రమ్మ మాత్రం సముద్రం సూసి ఒక్కటే మాటన్నది: "గింత నీళ్ళు పెట్టుకొని మనకు బోరెందుకు ఎండుతదే?"

పొద్దుగూకే ముందర బోటు తిరిగొచ్చింది. మేస్త్రిని ఇద్దరు పట్టుకొని దింపిండ్రు. కడుపుల ఉన్నదంత సముద్రానికే పెట్టిండట. గట్టు మీద కూలవడి, నన్ను సూసి నవ్వుడు షురూ చేసిండు. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

"బిడ్డా, గది తాబేలు గాదు. లారీ టైరు!"

అయిందేందంటే, మొదటిసారి మా చట్రం పెట్టిన వల ఏసిండ్రు. పైకి గుంజితే కడ్డీలు కనవడకుండ చెత్త. సంచిల రొయ్యలు దోసెడు గూడ లేవు. రెండోసారి ఈయనకు సూపిద్దమని చట్రం లేని వల ఏసిండ్రు. సంచి ఇప్పితే రొయ్యలతోని పాటు ఒక తాబేలు దబ్బున పడ్డది. బతికే ఉన్నది, రెక్కలు ఆడిస్తున్నది. ఆయన ఒక్క నిమిషం అట్లనే నిలబడి, ఇగ ఉండవట్టలేక బద్ద తీసి దాని ఈపు మీద అడ్డం పెట్టి కొలిసిండట! బోటోళ్ళు పనులు ఇడిసిపెట్టి సూసిండ్రట. రంపపు బ్లేడు లేకపోతే చాకుతోని గాటు పెట్టుకున్నడు. నలుగురు కలిసి దాన్ని నీళ్ళల ఇడిసిండ్రు. ఆ నలుగురిల ఈయనొకడు. ఆ గాటు మాకు సూపిచ్చిండు. రెండడుగుల కంటె ఎక్కువ, మందమే జానెడు దాటిందట. నాలుగంగుళాల సందుల గది దూరనీకె దాని తాత దిగి రావాలె.

బోట్లాయన వచ్చి నిలబడ్డడు. "ఏవండీ మేస్త్రి గారూ, డ్రాయింగు నాలుగని ఇచ్చామండి. రెండు ఎవరు చేసినట్టు? ఈ అమ్మాయిగారా గీసింది?" అన్నడు.  నేను గీసిన మాట నిజమే కద.

మేస్త్రి మోకాళ్ళ మీద చెయ్యేసి లేసిండు. "ఈ బిడ్డ నాలుగే అన్నది. నేనే రెండన్న. సముద్రం తెల్వకుండ మా చెరువు తాబేలు కొలత మీ సముద్రానికి తెచ్చిన. తప్పు పూర్తిగ నాది. పన్నెండు దినాలంటున్నరు గద, తొమ్మిది దినాలల్ల నాలుగంగుళాలయి పంపుత. ఒక్క ఎంట్రుకవాసి తేడా ఉంటే నా బద్ద ఇరిసి ఇదే సముద్రంల పారేయ్" అన్నడు.

బోట్లాయన ఆయన దిక్కు, బద్ద దిక్కు సూసిండు. ఎందుకో పెద్దగ నవ్విండు. "తాబేలుకి బద్ద పెట్టి కొలిచినోడివి నువ్వొక్కడివేనండి. చెయ్యండి" అన్నడు.

అందరి ముంగట "తప్పు నాది" అని గంత నిమ్మలంగ అన్న పెద్దమనిషిని నేను గప్పటిదాంక సూడలే. మా ఇంట్ల గాని, బయట గాని. రైల్ల వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూసొని ఏడ్సిన. "ఏమైందే, సముద్రం ఇడిసి రాబుద్ధి అయితలేదా?" అన్నడు. గంతకంటె ఎక్కువ ఆ ముచ్చట ఆయన తియ్యలే.

తొమ్మిది దినాలు షెడ్డుల పండుగే. పొద్దు పొడవంగనే షురూ చేసేది. మధ్యాన్నం మేస్త్రమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు మోసుకొచ్చేది. బజ్జీలు ఏగినట్టు నాలుగు మిషన్ల మీద ఒక్కతీరు సప్పుడు. ఈయన నడుమ కండ్లు మూసుకొని నిలబడి ఇనేటోడు, పాట ఇన్నట్టు. ప్రతి కడ్డీ పెట్టే ముందర నా దిక్కు సూసి గట్టిగ అడిగేది: "నాలుగా, రెండా?" నేను, "నాలుగే మేస్త్రీ!" అనేదాన్ని. షెడ్డంత నవ్వేది. గప్పటికెల్లి గది మా షెడ్డు మాటైపోయింది. గేటు చేసినా, కిటికీ చేసినా, ఆఖరికి నా పెద్దకొడుకు బారసాలల ఊయల కొక్కానికి తాడు కట్టేముందర గూడ నన్ను అడిగిండు, "నాలుగా, రెండా?" అని. మళ్ళ ఒకసారి అడుగు, మళ్ళ ఒకసారి కొలువు అని దాని అర్థం.

చట్రాలు లారీకెక్కినయి. ఆ దేశపోళ్ళు వచ్చిన దినం మేమెవ్వరం అన్నం తినలే. సాయంత్రం బూతుల ఫోనొచ్చిందని ఉరికినం. బోట్లాయన మాటలు బూతు బయట దాంక ఇనవడ్డయి. వచ్చినాయన ఎర్రటి మనిషి, మోకాళ్ళ మీద కూసొని ప్రతి సందుల కొలత పెట్టి సూసిండట. చేత్తోని కొట్టి సప్పుడు గూడ ఇన్నడట. తల ఊపి పుస్తకంల రాసుకున్నడట. "పాసండీ! మిగతా బోట్లవాళ్ళంతా మీ చట్రాలే కావాలంటున్నారండి!" మేస్త్రి ఫోన్ పట్టుకొని ఒక్కటే అడిగిండు. "గా తాబేళ్ళు పోతున్నయా?"  "నీళ్ళ కింద ఎవరు చూస్తారండి! కానీ సంచిలో ఒక్కటీ పడట్లేదు" అన్నడు. గంతే చాలన్నట్టు ఫోన్ నా చేతుల పెట్టి బయటికి పోయిండు, మొకం కడుక్కోనీకె.

తాళం మాట మళ్ళ రాలే. ఆ తలుపుల పని మాకు ఏండ్ల దాంక నడిసింది. నా పిల్లల సదువు గూడ దాని మీదనే నడిసిందంటే అబద్ధం గాదు. ఒక దినం బోట్లాయన మంచుల పెట్టి డబ్బ నిండ రొయ్యలు పంపిండు. మేస్త్రమ్మ మసాల పెట్టి ఏంచింది. అందరం తింటుంటే మేస్త్రి దూరంకెల్లి సూసి సూసి, ఒక్కటి తీసుకొని, కండ్లు మూసుకొని నోట్లేసుకున్నడు. నమిలిండు. "పురుగే," అన్నడు, "గాని మంచి పురుగు." గిన్నె దగ్గరికి గుంజుకున్నడు.

ఇగ ఆ ఆరు తప్పు చట్రాలు. బోట్లాయన తిప్పి పంపిండు. కిటికీలకు అమ్ముదమంటే మేస్త్రి ఇనలే. షెడ్డు ఎనుక గోడకు ఆనిచ్చి పెట్టిండు. ఒక ఎండకాలం ట్రాక్టరు మీద ఏసుకొని కంది ఊరు దాటినంక ఉన్న అత్తగారి ఊరికి పోయిండు. అక్కడి చెరువుకు కంపెనీల నీళ్ళు చేరలే, తాబేళ్ళు బతికున్నయి. కాని నాట్లప్పుడు తూము తెరిస్తే, నీళ్ళతోని పాటు కాలువల పడి, రోడ్డు మీదికొచ్చి, లారీల కింద పడుతున్నయట. ఊరి పెద్దమనుషులను అడిగి, రెండు తూముల మూతికి రెండు చట్రాలు సిమెంటు పెట్టి బిగించిండు. మిగిలిన నాలుగు చుట్టుపక్కల చెరువులకు పోయినయి. నన్ను పిలిసి సూపియ్యలే. మేస్త్రమ్మ చెప్తేనే తెలిసింది. నేను అడిగితే, "తప్పు పని ఎవరికన్న సూపిస్తరా?" అని మాట దాటేసిండు.

పదకొండో దినం బువ్వలైనంక మేస్త్రమ్మ నన్ను పక్కకు పిలిసింది. "నన్ను మా ఊరికి తోలుకపోతవానే? నాట్లు పడ్డయట, తూము తీసిండ్రట" అన్నది. ఆటో మాట్లాడుకొని పోయినం. చెరువు నిండుగున్నది, కట్ట మీద చల్లటి గాలి. తూము కాడ రాయి మీద ఇద్దరం కూసున్నం. చట్రం సగం నీళ్ళల్ల, సగం బయట. ఇన్నేండ్లైనా తుప్పు లేదు. అతుకులు చేత్తోని తడిమిన, నున్నగున్నయి. అలవాటుల కొలిసి సూసిన, రెండంగుళాలు బరాబర్.

జెర సేపటికి మేస్త్రమ్మ నా మోచెయ్యి పట్టి, "అటు సూడు" అన్నది. పళ్ళెమంత తాబేలు ఒకటి, మూడు వేళ్ళ మందం, నీళ్ళు గుంజుతుంటే తూము దిక్కు కొట్టుకొస్తున్నది. ముక్కు కడ్డీలకు తాకింది. అడ్డం తిరిగి, ఒక సందుల దూర సూసింది. పట్టలే. పక్క సందు సూసింది. గదీ పట్టలే.

"అడుగుతున్నడు సూడు" అన్నది మేస్త్రమ్మ. ఏమంటున్నదో నాకు సమజైంది. చెరువంత ఇనవడేటట్టు చెప్పిన.

"రెండే మేస్త్రీ! ఈడ రెండే కరెక్టు!"

తాబేలు ఎనుకకు మర్లింది. కాళ్ళు నిమ్మలంగ ఆడిచ్చుకుంట, చెరువు నడిమికి పోయింది.